కత్తి గుల్ల

సముద్రపు ఒడ్డు ఇసుకలో, బురదలో నిలువుగా బొరియ చేసుకుని బతికే పొడవాటి రెండు చిప్పల జీవి కత్తి గుల్ల. ఇంగ్లీషులో రేజర్ క్లామ్ అంటారు. మడిచి పెట్టిన పాతకాలపు మంగలికత్తిలా ఉంటుంది కాబట్టి ఆ పేరు. జాతిని బట్టి వేలెడు మొదలుకొని దాదాపు జానెడు దాకా పెరుగుతుంది. చిప్ప పలచన, పెళుసు. దాని మీద గోధుమ, ఆకుపచ్చ కలిసిన రంగులో నిగనిగలాడే పొర ఉంటుంది. లోపలి మాంసం తెల్లగా, పొడుగ్గా, తియ్యగా ఉంటుంది. స్పెయిన్‌లోని గలీషియాలో, ఇటలీలోని ఏడ్రియాటిక్ ఒడ్డున, స్కాట్లాండ్ దీవుల్లో, చైనా తూర్పు తీరంలో, జపాన్, కొరియా, థాయిలాండ్, చిలీ దేశాల్లో, అమెరికా పసిఫిక్ తీరంలో దీన్ని ఇష్టంగా తింటారు.

వండేవారికైనా కొనేవారికైనా ఈ గుల్ల గురించి అన్నిటికంటే ముందు తెలియవలసిన సంగతి ఒకటుంది. దీని చిప్పలు పూర్తిగా మూసుకోవు. మామూలు గుల్లలను, ఆల్చిప్పలను నీళ్లలోంచి తీస్తే చిప్పలు బిగించుకుని, లోపల దాచుకున్న నీటితో రోజుల తరబడి ప్రాణం నిలుపుకుంటాయి. కత్తి గుల్లకు ఆ వీలు లేదు. ఒక చివర నీటిని పీల్చి వదిలే గొట్టాలు, ఇంకో చివర తవ్వే పాదం. రెండు చివర్లూ ఎప్పుడూ తెరిచే ఉంటాయి. ఇసుకలో ఉన్నంతసేపు చుట్టూ ఉన్న ఇసుకే దాన్ని అదిమి పట్టుకుంటుంది. బయటికి తీశాక ఆ ఆధారం పోతుంది, లోపలి నీరు కారిపోతుంది, చిప్పలు విచ్చుకుంటాయి. అక్కడినుంచి అది ఎక్కువకాలం బతకదు. పట్టే తీరు, కట్టలు కట్టే తీరు, వండే తీరు, కొన్ని చోట్ల చట్టం రాసిన తీరు కూడా ఈ ఒక్క లక్షణాన్ని బట్టే ఏర్పడ్డాయి. గుల్ల ఇసుకలోంచి వచ్చాక పెనం మీదికి చేరడానికి పట్టే సమయం మీద రుచి ఆధారపడినంతగా, నాకు తెలిసి, ఇంకే గుల్ల విషయంలోనూ ఆధారపడదు.

జాతులు

కత్తి గుల్ల అన్నది ఒక్క జాతి పేరు కాదు. సోలెనిడే, ఫారిడే అనే రెండు దగ్గరి కుటుంబాల్లోని చాలా జాతులకు ఈ పేరు చెల్లుతుంది. యూరప్ అంగళ్లలో ఎక్కువగా కనిపించేవి ఎన్సిస్ ప్రజాతివి. వాటిలో నిటారుగా ఉండే ఎన్సిస్ సిలిక్వా అన్నిటికంటే పెద్దది, 20 సెంటీమీటర్లు దాటుతుంది. ఎన్సిస్ ఎన్సిస్ చిన్నది, వంపు తిరిగి ఉంటుంది. సోలెన్ మార్జినేటస్ అనే మరో జాతికి ఒక చివర గాడి ఉంటుంది. దాన్నిబట్టి గుర్తుపట్టవచ్చు. జపాన్, కొరియాల్లో సోలెన్ స్ట్రిక్టస్, చైనాలో సాగుచేసే సైనోనోవాక్యులా కన్‌స్ట్రిక్టా, చిలీ, అర్జెంటీనాల్లో ఎన్సిస్ మాచా ముఖ్యమైనవి. అమెరికా పసిఫిక్ తీరపు సిలిక్వా ప్యాటులా కాస్త భిన్నం. సన్నగా ఉండదు, వెడల్పుగా, కండపట్టి, బంగారు గోధుమ రంగు చిప్పలతో ఉంటుంది. కాలిఫోర్నియా నుంచి అలాస్కాలోని అల్యూషన్ దీవుల దాకా ఇది దొరుకుతుంది.

సముద్రాలు దాటివచ్చి స్థిరపడిన జాతి కూడా ఒకటుంది. ఎన్సిస్ లీ ఉత్తర అమెరికా అట్లాంటిక్ తీరానిది. ఇటీవలి దాకా శాస్త్రజ్ఞులు దీన్ని ఎన్సిస్ డైరెక్టస్ అనేవారు. 1979లో జర్మనీ తీరంలో మొదటిసారి కనిపించింది. ఓడలు బరువు కోసం నింపుకునే నీటిలో దాని పిల్లలు కొట్టుకొచ్చి ఉంటాయని అంచనా. కొన్ని దశాబ్దాల్లోనే డెన్మార్క్ నుంచి ఫ్రాన్స్ దాకా పాకి, నెదర్లాండ్స్ తీరపు ఇసుకలో అత్యధికంగా ఉండే గుల్లల్లో ఒకటయింది. ఇప్పుడు డచ్చివారు దాన్ని పట్టి దక్షిణ యూరప్‌కు అమ్ముతున్నారు. స్పెయిన్ భోజనశాలలో వడ్డించిన గుల్ల పూర్వీకులు అమెరికావి కావడం వింతేమీ కాదు.

భోజనశాలల జాబితాల్లో ఒక గందరగోళం తరచు కనిపిస్తుంది. చిలీలో జున్ను చల్లి కాల్చే ప్రసిద్ధ వంటకం మాచాస్ ఎ లా పర్మెజానాను ఇంగ్లీషులో రేజర్ క్లామ్ వంటకంగా రాస్తారు. నిజానికి అందులో వాడేది మెసోడెస్మా డొనాసియం అనే వేరే కుటుంబపు గుల్ల. అది త్రికోణాకారంలో ఉంటుంది. చిలీ అసలు కత్తి గుల్ల ఎన్సిస్ మాచా చాలామటుకు డబ్బాల్లోకి వెళ్లి స్పెయిన్ చేరుతుంది.

ఇసుకలో పరుగు

కత్తి గుల్లను పట్టడం ఎందుకు కష్టమో అర్థం కావాలంటే అది తవ్వే పద్ధతి తెలియాలి. ముందు పాదాన్ని కిందికి చాపుతుంది. తరవాత చిప్పలను ఒక్కసారి దగ్గరికి లాక్కుంటుంది. ఆ అదురుకు పాదంలోకి రక్తం చిమ్మి చివర లంగరులా ఉబ్బుతుంది. దాన్ని ఆనుగా పెట్టుకుని ఒళ్లంతా కిందికి లాగుతుంది. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఏమస్ వింటర్, ఆనెట్ హోసోయ్ బృందం ఎన్సిస్ డైరెక్టస్‌ను పరిశీలించి ఇందులో ఒక రహస్యం కనిపెట్టింది. కండబలం ఒక్కటే అయితే గట్టి ఇసుకలో ఆ గుల్ల ఒకటి రెండు సెంటీమీటర్లకు మించి దిగలేదు. చిప్పలు దగ్గరికి లాక్కున్నప్పుడు దాని చుట్టూ కాస్త ఖాళీ ఏర్పడి, అందులోకి నీరు చేరి, ఇసుక ఊబిలా వదులవుతుంది. ఆ వదులులోనే గుల్ల జారిపోతుంది. సెకనుకు సుమారు ఒక సెంటీమీటరు వేగంతో 70 సెంటీమీటర్ల లోతు దాకా వెళ్లగలదు. ఈ సూత్రం మీదే ఆ బృందం రోబోక్లామ్ అనే యంత్రాన్ని తయారుచేసింది. తక్కువ శక్తితో సముద్రపు అడుగున లంగరు పాతడం దాని ఉద్దేశం.

అడుగుల అదురును ఇది పసిగడుతుంది. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలోనే అరిస్టాటిల్ జంతువుల గురించిన తన గ్రంథంలో, చప్పుడైతే ఈ గుల్లలు ఇంకా లోతుకు దిగిపోతాయని, ఇనుప కడ్డీ దగ్గరికి వస్తున్నట్టు తెలిస్తే దాక్కుంటాయని రాశాడు. అంటే అప్పటికే గ్రీకులు ఇనుప కడ్డీలతో వీటి వెంట పడుతున్నారన్నమాట.

పట్టే పద్ధతులు

అమావాస్య, పౌర్ణమి రోజుల్లో సముద్రం మామూలు కంటే ఎక్కువ వెనక్కి తగ్గుతుంది. కత్తి గుల్లల మడి బయటపడేది అప్పుడే. స్కాట్లాండ్ ఉత్తరాన ఉన్న ఆర్క్నీ దీవుల్లో వీటిని స్పూట్స్ అంటారు. అక్కడివాళ్లు తడి ఇసుక మీద వెనక్కి వెనక్కి నడుస్తారు. అడుగు పడిన అదురుకు గుల్ల లోపలికి జారుతుంటే ఇసుక మీద చిన్న గుంట పడుతుంది, ఒక్కోసారి నీరు చిమ్ముతుంది. ముందుకు నడిస్తే ఆ గుర్తు వెనకబడిపోతుంది, వెనక్కి నడిస్తే కళ్ల ముందే ఉంటుంది. గుర్తు కనబడగానే పొడవాటి కత్తిని ఇసుకలోకి ఏటవాలుగా దించి, చిప్పను పక్కకు అదిమి పట్టి, చేత్తో నెమ్మదిగా లాగుతారు. గబుక్కున లాగితే పాదం తెగి ఇసుకలోనే ఉండిపోతుంది. తినడానికి బాగుండే భాగం అదే.

ఉప్పు వేసి పట్టడం ఇంకా తేలిక. తాళంచెవి రంధ్రంలాంటి గుర్తు కనిపించిన చోట చిటికెడు ఉప్పు గానీ చిక్కటి ఉప్పునీరు గానీ పోస్తే, బొరియలో ఉప్పదనం ఒక్కసారిగా పెరిగి గుల్ల పైకి వస్తుంది. జపాన్‌లో వసంతకాలపు ఆటువేళ పిల్లాపాపలతో గుల్లలేరడానికి వెళ్లే కుటుంబాలకు ఇది పెద్ద సరదా. అక్కడ దీన్ని మతెగై అంటారు. కొరియా పశ్చిమ తీరపు బురద మేటల మీద మత్‌జోగే పట్టేదీ ఇలాగే. గలీషియాలోని ఫిస్తెర్రా దగ్గర ఈతగాళ్లు ఊపిరి బిగబట్టి మునిగి చేత్తో ఒక్కొక్కటే తీస్తారు. అక్కడి గుల్లకు పేరు రావడానికి ఇదే కారణం. చేత్తో తీసిన గుల్ల విరగదు, లోపల ఇసుక తక్కువ, ప్రాణం ఎక్కువసేపు ఉంటుంది.

థాయిలాండ్‌లో మేక్లాంగ్ నది సముద్రంలో కలిసే చోట డాన్ హోయ్ లాట్ అనే బురద మేట ఉంది. అందులోని హోయ్ లాట్ అన్నదే అక్కడి కత్తి గుల్ల పేరు. 2001లో ఆ మేటను రామ్సర్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద చిత్తడి నేలగా ప్రకటించారు. అక్కడ ఉప్పు బదులు సున్నం వాడతారు. సన్నని పుల్లను సున్నంలో అద్ది బొరియలోకి గుచ్చుతారు. ఘాటు తగిలి గుల్ల పైకి దూకుతుంది. ఒక్కో బొరియకు ఒక్కో పుల్ల అయితే నష్టం తక్కువే. సున్నపు నీళ్లను మేట మీద కుమ్మరిస్తే మాత్రం పిల్ల గుల్లలు, పక్కనున్న పురుగులు, పీతలు అన్నీ పోతాయి.

ఎక్కువ మొత్తంలో పట్టడానికి యూరప్‌లో వాడేది నీటిజల్లు వల. పడవ నుంచి నీటిని బలంగా కొట్టి ఇసుకను వదులు చేసి, ఇనుప చట్రంతో గుల్లలను ఊడ్చుకెళతారు. ఏడ్రియాటిక్‌లో, 1990ల చివరినుంచి ఐరిష్ సముద్రంలో ఈ పద్ధతి నడుస్తోంది. దిగుబడి ఎక్కువే. కానీ చిప్పలు పగులుతాయి, మాంసంలోకి ఇసుక ఎక్కుతుంది, సముద్రపు అడుగు చెదిరిపోతుంది. స్కాట్లాండ్‌లో ఇంకో దారి తొక్కారు. పడవ వెనక లోహపు కడ్డీలను నెమ్మదిగా ఈడుస్తూ స్వల్పంగా విద్యుత్తు పంపుతారు. గుల్లలు వాటంతటవే ఇసుకలోంచి పైకి వస్తాయి, వెనక వచ్చే ఈతగాడు ఏరుకుంటాడు. విద్యుత్తుతో చేపలు పట్టడం యూరప్‌లో నిషేధం కాబట్టి చాలాకాలం ఇది దొంగచాటుగా సాగింది. 2018లో స్కాట్లాండ్ ప్రభుత్వం పరిమిత సంఖ్యలో పడవలకు అనుమతినిచ్చి, పర్యవేక్షణలో ప్రయోగంగా నడిపించింది. అలా పట్టిన సరుకులో చాలా భాగం ప్రాణంతోనే విమానాల్లో హాంగ్‌కాంగ్, చైనా మార్కెట్లకు వెళుతుంది.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఇది వ్యాపారం కంటే ఎక్కువగా జనం పండుగ. లాంగ్ బీచ్, ట్విన్ హార్బర్స్, కోపాలిస్, మాక్‌రాక్స్ ఒడ్లను ప్రభుత్వం తెరిచిన రోజుల్లో వేలాదిమంది పారలు, గొట్టాలు పట్టుకుని దిగుతారు. చలికాలంలో పెద్ద ఆటు రాత్రివేళ వస్తుంది కాబట్టి మైళ్ల పొడవున లాంతర్ల వెలుగు కనిపిస్తుంది. మామూలుగా మనిషికి రోజుకు 15 గుల్లలు పరిమితి. చిన్నదైనా, పగిలినా మొదట దొరికిన 15నూ ఉంచుకోవాల్సిందే. ఏరి పారేయడం నేరం. మొదట వినడానికి కఠినంగా అనిపించే ఈ నియమం చాలా ఆలోచించి పెట్టింది. ఒకసారి తవ్విన గుల్లను తిరిగి ఇసుక మీద వదిలితే చాలావరకు బతకదు. పెద్దవాటి కోసం చిన్నవి పారేస్తూ పోతే, సంచిలో 15 ఉన్నా ఒడ్డున 50 చచ్చిపడి ఉంటాయి.

ఈ తీరపు గుల్లల మీద క్వినాల్ట్ వంటి ఆదివాసీ జాతులకు హక్కుంది. 1974లో జడ్జి బోల్ట్ ఇచ్చిన తీర్పు, ప్రభుత్వంతో ఆ జాతులు చేసుకున్న పాత ఒప్పందాల ప్రకారం పట్టదగిన చేపల్లో సగం ఆదివాసీలదని చెప్పింది. 1994లో జడ్జి రఫీడీ దాన్ని గుల్లలకూ వర్తింపజేశారు. అప్పటినుంచి రాష్ట్రమూ జాతులూ కలిసి కూర్చుని ఒడ్లను ఎప్పుడు తెరవాలో తేల్చుకుంటున్నాయి.

ఈ గుల్లల మీద ఆధారపడిన ఊళ్ల చరిత్ర ఒడుదుడుకులది. అలాస్కాలోని కార్డోవా ఒకప్పుడు ప్రపంచ కత్తి గుల్లల రాజధానిగా చెప్పుకునేది, డబ్బాల కర్మాగారాలు నడిచేవి. 1964 మార్చి భూకంపంలో అక్కడి తీరం పైకి లేచి గుల్లల మడులు నీటికి అందకుండా పోయాయి. ఆ పరిశ్రమ మళ్లీ కోలుకోలేదు. 1983, 84 ప్రాంతాల్లో వాషింగ్టన్ ఒడ్డున మొప్పలకు సోకే నిక్స్ అనే జబ్బు వచ్చి పదింట తొమ్మిదికి పైగా గుల్లలను తుడిచిపెట్టింది. అలాస్కాలోనే కుక్ ఇన్లెట్ తూర్పు తీరంలో గుల్లలు బాగా తగ్గిపోవడంతో 2015లో తవ్వకం ఆపేశారు.

చైనా మడులు

ప్రపంచంలో తినే కత్తి గుల్లల్లో అత్యధిక భాగం చైనాలో మనుషులు పెంచినవే. ఏటా 8 లక్షల టన్నుల పైచిలుకు సైనోనోవాక్యులా కన్‌స్ట్రిక్టా అక్కడ పండుతుంది. మిగతా ప్రపంచమంతా సముద్రంలోంచి పట్టేది దీని ముందు ఏ మూలకూ చాలదు. ఈ సాగు కొత్తది కాదు. 16వ శతాబ్దపు వైద్యుడు లి షిజెన్ తన ఔషధ గ్రంథంలో ఫుజియాన్, గ్వాంగ్‌డాంగ్ జనం ఈ గుల్లలను మడుల్లో నాటి పెంచుతారని, పోటు తెచ్చే ఒండ్రే వాటికి ఎరువని రాశాడు.

ఇప్పటి పద్ధతీ దాదాపు అదే. నదీముఖాల దగ్గర బురద మేటను దున్ని, చదును చేసి, కాలువలు తీసి, బియ్యపు గింజంత మొదలుకొని ఉండే పిల్ల గుల్లలను చల్లుతారు. అవి తమంతట తామే బొరియలు చేసుకుంటాయి. మేత పెట్టనక్కర్లేదు. పోటు నీటిలోని సూక్ష్మ నాచు చాలు. సుమారు ఏడాదికి కోతకు వస్తాయి. జెజియాంగ్‌లో రొయ్యల, పీతల చెరువుల్లోనే వీటినీ కలిపి పెంచుతారు. రొయ్యల మేత వల్ల పెరిగిన నాచును గుల్లలు వడకట్టి తినేస్తాయి కాబట్టి నీరూ శుభ్రపడుతుంది, రెండో పంటా దక్కుతుంది. రొయ్యల చెరువులకు పేరుపడిన కృష్ణా, గోదావరి జిల్లాల రైతులు తెలుసుకోదగిన పద్ధతి ఇది. జెజియాంగ్‌లోని నింగ్‌హై ప్రాంతపు చాంగ్‌జియే గుల్లలకు చైనాలో ప్రత్యేకమైన పేరుంది.

రుచి, వంట

కత్తి గుల్ల తీపికి కారణం అది బతికే నీరే. ఉప్పునీటి జీవులు తమ కణాల్లోంచి నీరు బయటికి లాగబడకుండా లోపల అమైనో ఆమ్లాలను నింపుకుంటాయి. గుల్లల్లో గ్లైసిన్, అలనిన్ తీపినిస్తాయి, గ్లుటమేట్ కమ్మదనాన్నిస్తుంది, సక్సినిక్ ఆమ్లం గుల్లలకే ప్రత్యేకమైన ఆ ఘాటైన రుచిని ఇస్తుంది. తవ్వే జీవి కాబట్టి కత్తి గుల్లలో కండ ఎక్కువ. నమిలితే కాస్త సాగి, పళ్ల కింద కరకరలాడినట్టు తెగుతుంది. అతిగా వండితే ఆ కండే రబ్బరవుతుంది. వేడికి ప్రోటీన్లు ముడుచుకుని తేమను పిండేస్తాయి. ఒకటి రెండు నిమిషాల్లో అయిపోవలసిన వంట ఇది. గుల్ల వంటలు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే.

అంగట్లో వీటిని పది పన్నెండు కలిపి రబ్బరు బ్యాండుతో కట్టగా అమ్ముతారు. చూడ్డానికి బాగుంటుందని కాదు, ఇసుక చేసే పని ఆ బ్యాండు చేస్తుంది. చిప్పలు విచ్చుకోకుండా, నీరు కారకుండా పట్టి ఉంచుతుంది. బయటికి వేలాడే మాంసాన్ని ముట్టుకుంటే లోపలికి లాక్కోవాలి. కదలిక లేనిదాన్ని, వాసన మారినదాన్ని, చిప్ప నలిగినదాన్ని వదిలేయడమే మంచిది. ఇంటికి తెచ్చాక మంచినీళ్లలో వేయకూడదు, చచ్చిపోతాయి. లీటరు నీటికి 30 గ్రాముల లెక్కన ఉప్పు కలిపి కొన్ని గంటలు ఉంచితే లోపలి ఇసుక కక్కేస్తాయి. వెంటనే వండకపోతే తడిగుడ్డ చుట్టి ఫ్రిజ్‌లో పెట్టవచ్చు. మరునాటికి మించి ఆశ పెట్టుకోకూడదు.

చిన్న జాతులను చాలాచోట్ల మొత్తంగా తింటారు. పెద్దవాటిలో జీర్ణగ్రంథి ఉన్న నల్లటి భాగాన్ని, మొప్పలను, నీటిగొట్టపు గట్టి కొసను తీసేస్తారు. శుభ్రం చేస్తున్నప్పుడు గాజులా పారదర్శకమైన సన్నని పుల్ల ఒకటి బయటపడుతుంది. పురుగేమోనని భయపడి గుల్లను పారేసేవాళ్లున్నారు. అది గుల్ల కడుపులో గుండ్రంగా తిరుగుతూ మేతను అరిగించే జిగురు కడ్డీ. హాని లేదు. పసిఫిక్ గుల్లలో మొప్పల మధ్య నిజంగానే ఒక చదునైన తెల్లని పురుగు కాపురం ఉంటుంది. అదీ గుల్లకు, మనిషికి ఏ కీడూ చేయదు, కడిగితే పోతుంది.

గలీషియా పద్ధతి అన్నిటికంటే సూటిగా ఉంటుంది. ఇనుప పెనాన్ని బాగా కాల్చి, నాలుగు చుక్కల నూనె వేసి, గుల్లలను వరసగా పేరుస్తారు. చిప్ప తెరుచుకోగానే మాంసం పెనానికి తగిలేలా తిప్పి, కాసేపుంచి తీసేస్తారు. పైన ఆలివ్ నూనె, వెల్లుల్లి, పార్స్లీ, నిమ్మరసం. అక్కడి డబ్బా గుల్లలకూ అంతే గౌరవం. ఆవిరి మీద ఉడికించి, శుభ్రం చేసి, చేత్తో వరసగా పేర్చి ఉప్పునీటిలో మూసిన డబ్బా మీద లోపల ఎన్ని ముక్కలున్నాయో రాస్తారు. తక్కువ ముక్కలుంటే పెద్ద గుల్లలని అర్థం, ధర ఎక్కువ. త్వరగా చచ్చిపోయే సరుకును పట్టిన ఊళ్లోనే డబ్బాకెక్కించడం ఆ తీరపు తెలివి.

పోర్చుగల్ దక్షిణాన అల్గార్వ్‌లో లింగెయిరాఁవ్ అన్నం చేస్తారు. నాకు ఇన్ని వంటల్లోనూ అన్నిటికంటే నచ్చే ఆలోచన ఇందులోనిదే. ముందు గుల్లలను కొద్ది నీటితో వేడిచేసి, తెరుచుకోగానే తీసి పక్కన పెడతారు. అవి వదిలిన రసాన్ని గుడ్డలో వడకట్టి ఇసుక తీసేస్తారు. ఉల్లి, వెల్లుల్లి, టమాటా వేయించి, బియ్యం వేసి, ఆ రసంతోనే ఉడికిస్తారు. అన్నం పలచగా, జారుగా ఉండగా చివరి నిమిషంలో మాంసం కలుపుతారు. సారం అన్నానికి పట్టింది, మాంసం మెత్తగా మిగిలింది. ఇటలీలో వీటిని కన్నొలిక్కీ అంటారు. స్పగెట్టీలో కలుపుతారు, లేదా రొట్టెపొడి, వెల్లుల్లి చల్లి పొయ్యిలో కాలుస్తారు.

చైనా ఇళ్లలో అల్లం, ఉల్లికాడలతో పెద్ద మంట మీద వేపుడు మామూలు. హోటళ్లలో గుల్లను తెరిచి, నానబెట్టిన సన్న సేమియా, వెల్లుల్లి ముద్ద పైన పెట్టి ఆవిరి పడతారు. గుల్ల రసం సేమియా పీల్చుకుంటుంది. తూర్పు తీరంలో ఇంకో తెలివైన పద్ధతి ఉంది. గుల్లలను చిన్న కుండలో నిలువుగా, కదలడానికి చోటు లేనంత ఒత్తుగా పేర్చి, పైన ఉప్పు వేసి ఉడికిస్తారు. ఇసుకలో నిలబడినట్టే కుండలోనూ నిలబడతాయి కాబట్టి చిప్పలు విచ్చుకోవు, రసమంతా లోపలే ఉంటుంది. థాయిలాండ్‌లో పచ్చి మిరియాలు, మిరపకాయలు, తులసి జాతి ఆకులతో ఘాటుగా వేపుతారు. బోర్నియోలోని సారవాక్‌లో అంబాల్ పేరుతో దీన్ని కారంగా వేపుతారు, పులుసూ చేస్తారు.

అమెరికా పసిఫిక్ తీరంలో వేపుడే రాజు. పెద్ద గుల్లలను కొన్ని సెకన్లు మరుగునీటిలో ముంచి చన్నీళ్లలో వేస్తే చిప్ప ఊడివస్తుంది. శుభ్రం చేసిన మాంసాన్ని గుడ్డు సొనలో, బిస్కెట్ పొడిలో దొర్లించి, ఒక్కో వైపు ఒక నిమిషం చొప్పున వేపుతారు. పాదం భాగం మెత్తన, మెడ భాగం గట్టి. మెడను సన్నగా తరిగి పాలు, బంగాళాదుంపలతో చేసే చౌడర్ అనే సూప్‌లో వేస్తారు. అమెరికా వంటల రచయిత జేమ్స్ బియర్డ్ బాల్యంలో వేసవులు ఆరెగాన్‌లోని గేర్‌హార్ట్ ఒడ్డున గడిపాడు. అక్కడి కత్తి గుల్లల మీద ప్రేమ ఆయన రాతల్లో చివరిదాకా కనబడుతుంది. దీనికి పూర్తిగా అవతలి కొస కోపెన్‌హాగెన్‌లోని నోమా అనే భోజనశాల వంటకం. పచ్చి గుల్లను పార్స్లీ జెల్లీ పొరలో గొట్టంలా చుట్టి, గుర్రపు ముల్లంగి మంచుపొడితో వడ్డించేవారు. తీరప్రాంతపు పేదల తిండిగా, ఎరగా వాడిన జీవి ఇలా ఖరీదైన బల్లల మీదికి చేరింది.

ఆరోగ్యం, విషం

కొవ్వు చాలా తక్కువ, ప్రోటీను ఎక్కువ, ఇనుము, జింకు, బి12 విటమిను సమృద్ధి. గుల్లలు, రొయ్యలు పడనివారు మాత్రం దీనికీ దూరంగా ఉండాలి. నీటిని వడకట్టి తినే జీవి కాబట్టి మురుగు కలిసే చోట పట్టినదాన్ని తినడం ప్రమాదం.

అంతకంటే పెద్ద ముప్పు డోమోయిక్ ఆమ్లం. సూడో-నిట్షియా అనే సూక్ష్మ నాచులోని కొన్ని జాతుల్లో తయారయ్యే ఈ విషాన్ని 1987లో కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవి మస్సెల్ గుల్లలు తిని వందమందికి పైగా జబ్బుపడినప్పుడు గుర్తించారు. కొందరు చనిపోయారు, బతికినవారిలో కొందరి జ్ఞాపకశక్తి దెబ్బతిన్నది. 1991లో అదే విషం వాషింగ్టన్, ఆరెగాన్ తీరాల కత్తి గుల్లల్లో కనబడి ఒడ్లు మూతపడ్డాయి. 2015లో పసిఫిక్ నీరు అసాధారణంగా వేడెక్కి ఈ నాచు విరగబూసినప్పుడు మళ్లీ మూశారు. మస్సెల్ గుల్లలు ఈ విషాన్ని కొద్ది రోజుల్లో, వారాల్లో వదిలించుకుంటాయి. కత్తి గుల్ల నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా కండలోనే ఉంచుకుంటుంది. ఎంత మరిగించినా, ఎంత మసాలాలో ఉడికించినా అది పోదు, గడ్డకట్టించినా పోదు. మాంసంలో పది లక్షల వంతుల్లో 20 వంతులు దాటితే అమ్మకం నిషేధం. తక్కువ మోతాదులోనైనా ఏళ్లతరబడి తినే ఆదివాసీల మీద జరిగిన పరిశోధనల్లో జ్ఞాపకశక్తి మీద ప్రభావం కనిపించింది. అందుకే గర్భిణులు, పిల్లలు, వృద్ధులు, మూత్రపిండాల జబ్బున్నవారు నెలకు 15 గుల్లలు దాటకపోవడం మంచిదని అక్కడి ఆరోగ్యశాఖ సలహా.

భారత తీరం, తెలుగువారు

భారతదేశంలో కత్తి గుల్ల తిండిగా తెలిసినది ప్రధానంగా కొంకణ తీరంలో. రత్నగిరి ప్రాంతపు నదీముఖాల్లో సోలెన్ కెంపి అనే చిన్న జాతిని ఆటువేళ చేత్తో ఏరి వండుకుంటారు. వెడల్పు చిప్పల సిలిక్వా రేడియేటా హిందూ మహాసముద్రపు జాతి. దీన్ని 1758లోనే లిన్నేయస్ నమోదు చేశాడు. ఆంధ్ర తీరంలో గుల్లల సేకరణకు పేరుపడ్డ కాకినాడ అఖాతంలో మాత్రం ముఖ్యమైనవి రక్తగుల్లలు, మెరెట్రిక్స్ గుల్లలు. వాటి చిప్పలు గుల్ల సున్నానికి పోతాయి, మాంసంలో చాలా భాగం రొయ్యల మేతలోకి వెళుతుంది. కత్తి గుల్లకు ఇక్కడ చెప్పుకోదగ్గ మార్కెట్ లేదు.

తెలుగువారికి ఈ గుల్ల ఎక్కువగా ఎదురయ్యేది సముద్రం అవతలే. సియాటిల్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. వాషింగ్టన్ ఒడ్లు అక్కడికి కొన్ని గంటల కారు ప్రయాణం. వెళ్లేవారిలో 15 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరూ లైసెన్సు తీసుకోవాలి. ఎవరి గుల్లలు వారి సంచిలోనే ఉండాలి, ఇంటిల్లిపాదివీ ఒకే బకెట్లో వేస్తే జరిమానా పడవచ్చు. విష పరీక్షల ఫలితాలు వచ్చాకే ఒడ్లు తెరుస్తారు కాబట్టి, బయలుదేరే ముందు ఆ రోజు ఆ ఒడ్డు తెరిచి ఉందో లేదో రాష్ట్ర మత్స్యశాఖ ప్రకటనలో చూసుకోవాలి.